చి. భవ్య పుష్పవతీ మహోత్సవం

ఫ్లెక్సీ మీద ఎవరి తలకాయ ఎంత ప్రమాణంలో ఉండాలన్నది మానవజాతి ఇంతవరకూ శాంతియుతంగా పరిష్కరించుకోలేకపోయిన ప్రశ్నలలో అగ్రగణ్యమైనది. నదీజలాల పంపకానికి ట్రిబ్యునళ్ళున్నాయి. గట్టు తగాదాలకు సర్వేయర్లున్నారు. ఫ్లెక్సీ వ్యాజ్యానికి మాత్రం పుంగనూరు బస్టాండు వెనక కంప్యూటరు ముందు కూర్చునే కుర్రవాడే కింది కోర్టూ, పై కోర్టూ. సదుం పక్క పల్లెలో గంగాధరం గారి ఇంట ఆ వారం పుట్టిన వివాదం ఈ కోవలోనిదే. మనుమరాలు చిరంజీవి భవ్య పుష్పవతీ మహోత్సవాన్ని లోకానికి చాటబోయే ఫ్లెక్సీలో తాతగారి బొమ్మ పెద్దదిగా ఉండాలా, మేనమామ ముద్దుకృష్ణ బొమ్మ పెద్దదిగా ఉండాలా?

ఉభయపక్షాల వాదనలూ బలమైనవే. తాతగారి పక్షాన నేల ఉంది, వంశం ఉంది, ఒకప్పుడు పాల సొసైటీ ఎన్నికలో నిలబడి ఓడిపోయిన ప్రజాజీవితం ఉంది. మేనమామ పక్షాన సంప్రదాయం ఉంది. పచ్చాకు గుడిసె కట్టేది అతడు, సారె తెచ్చేది అతడు; మేనమామ పూనుకోనిదే ఆడపిల్ల ఎన్నటికీ పెద్దమనిషి కాజాలదని ఆ ప్రాంతపు దేహశాస్త్రం. కుప్పం నుంచి అతడు ఫోనులో ఈ సూత్రాన్నే చెల్లెలికి విశదీకరిస్తుంటే, మాధవీలత ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రాగిపిండి జల్లిస్తూ ఊఁ కొడుతోంది. నడుమ భర్త రెడ్డెప్ప వచ్చి, నాయన బొమ్మ చిన్నదైతే నాయన ఒప్పుకోడని చెప్పిపోయాడు. నాయన ఒప్పుకోని సంగతులు చెప్పిపోవడమే ఆ ఇంట్లో అతడు చేస్తున్న ఉద్యోగం. చివరికి రెండు తలకాయలూ సరిసమానంగా వేసి, మధ్యలో మిగిలినంత చోటులో పిల్ల బొమ్మ వేసేలా ఒడంబడిక కుదిరింది. పిల్ల బొమ్మ ఎంత ఉండాలన్న విషయంలో ఎవరికీ పట్టింపు లేకపోవడం వల్లనే ఆ సంధి సాధ్యమైంది.

ఆ పిల్ల వసారా మూలన, మేనమామ మొదటిరోజే వచ్చి కట్టిపోయిన పచ్చాకు గుడిసెలో ఈతచాప మీద కూర్చుని ఉంది. గుడిసె ముందు అడ్డంగా రోకలి పడుకుని ఉంది. రోకలికి అవతల ఉన్నది అంటు, ఇవతల ఉన్నది ఇల్లు. ఆరో తరగతి చదివే భవ్య యూనిఫారం మీద గోధుమరంగు మరకతో బడి మరుగుదొడ్డి నుంచి ఏడుస్తూ బయటికి వస్తే, ఆయా ఒకసారి మరకను, ఒకసారి తొట్టిని చూసి తీర్పు చెప్పింది. పిల్ల ఆటో దిగేలోపల ఆ తీర్పు ఊళ్ళో అమలైపోయింది.

“అమ్మా, ఒక తూరి ఈడికి రా.”

మాధవీలత ఫోను పెట్టేసి, చేతికంటిన పిండిని కొంగుకు తుడుచుకుని, కూతురి వెనకే దొడ్లోని స్నానాలగదికి వెళ్ళింది. పిల్ల తలుపు చాటునుంచి ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాపింది.

“నువ్వు నమ్మవని మగ్గులో పోసినాను. సూడు. ఈ పొద్దు గూడా టీ డికాషన్ మాదిరే ఉండాది. నురగ గూడా వస్తాంది.”

మాధవీలత చూసింది. మగ్గును వెలుతురుకు తిప్పి చూసింది. నెలనెలా తనకు వచ్చేదేమిటో ఏ ఆడదానికైనా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇది అది కాదు. అన్న పెళ్ళాం కొనిచ్చిన ప్యాకెట్టులోంచి తను తీసిస్తున్న ప్యాడ్లు ఏ రోజుకారోజు ఇస్త్రీ చేసినంత పొడిగా తిరిగి వస్తున్నాయి. మడిచి పారేసేటప్పుడు ఆమె వాటిని రెండోసారి విప్పి చూడడం మానేసి మూడు రోజులైంది. మగ్గులోది తూములో పోసి, పైన రెండు చెంబుల నీళ్ళు పోసింది. నురగ మాత్రం కాసేపు తూము నోటి దగ్గర తచ్చాడి, ఆలోచించుకుని, వెళ్ళిపోయింది.

“కడుపులో నొప్పి ఉండాదా?”

“లేదు. తల నొస్తాంది. ఎండలో ఆడుకోకుండానే.”

అత్తగారు మునిరత్నమ్మ వంటింట్లో నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు చేస్తోంది. ఆమెకు చెప్పాలంటే ముందుగా మాటలు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే ఆ ఇంట్లో మాట ఏదైనా తప్పు ఎవరిదో తేలే వరకూ సాగుతుంది. మాధవీలత గడప దగ్గరే నిలబడి, గుడ్డ మీద ఏమీ ఉండడం లేదనీ, మూత్రంలోనే అట్లా వస్తోందనీ మెల్లగా చెప్పింది.

మునిరత్నమ్మ ఉండ చుట్టడం ఆపలేదు.

“మొదటి తూరి అట్లనే ఉంటాది. పసిబిడ్డకి నీకు మాదిరి వస్తాదా?”

“కాదత్తా, రంగే వేరేగా…”

“యాడినుంచి వస్తే ఏమి, రావాల్సింది వచ్చింది కదా. మా పాప బిడ్డకి అయినప్పుడు నువ్వేమైనా లెక్కలు తీసినావా? నీ బిడ్డకి నువ్వే తీస్తాండావు.”

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. ఆడపడుచు కూతురి వేడుక కిందటేడు కలికిరిలో జరిగినప్పుడు, మాధవీలత పుట్టింటివాళ్ళను చివరి పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ పంక్తికి సాంబారు అడుగునున్నది వచ్చింది. అప్పటినుంచీ ఆమె మనసులో ఒక వేడుక తయారవుతూనే ఉంది. అందులో అన్న ముందు వరుసలో నడుస్తాడు, సారె పళ్ళేలు లెక్కపెట్టలేక జనం నోరు వెళ్ళబెడతారు. ఆ వేడుక రంగు ఒక మగ్గులోని రంగును బట్టి మారిపోవడం ఆమెకూ సమ్మతం కాలేదు. గడప దిగి వచ్చి జల్లెడ అందుకుంది.

మైల తీరే నాటికి ఇల్లు బంధువులతో నిండింది. ముద్దుకృష్ణ కుప్పం నుంచి వ్యాను కట్టుకుని దిగాడు. పళ్ళేలు వరసగా వసారాలోకి నడిచాయి: పట్టుచీరలు, గాజులు, పళ్ళు, ఆపైన మురుకులు, మిక్చరు, వేయించిన జీడిపప్పు, నిమ్మకాయ ఊరగాయ జాడీ ఒకటి. అంతవరకూ మునిరత్నమ్మ పిల్లకు చప్పిడి కూడే పెట్టింది. ఉప్పు తగిలితే ఒంటికి గాలి సోకుతుందని ఆమె అత్తగారు చెప్పింది. ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పింది. ఈ గురుపరంపరను ముద్దుకృష్ణ ఒక్క మురుకుతో తెంచేశాడు. ఈ కాలంలో చప్పిడేంది, బిడ్డ నోరు చచ్చిపోదా అని, పొట్లం విప్పి భవ్య ఒళ్ళో పోశాడు. బంధుజనం అతని ఆధునికతను మెచ్చుకున్నారు. పిల్ల ఆ తరువాత రెండు రోజులూ ఊరగాయతో తిన్నది, దాహమని తాగింది; పోసింది మాత్రం తక్కువ. ఆ సంగతి లెక్కలోకి తీసుకునే పదవిలో ఎవరూ లేరు.

మూడో ఉదయానికి భవ్య ముఖం పున్నమి చంద్రుడిలా వచ్చింది. ఇది కవిసమయం కాదు. కనురెప్పలు ఉబ్బి కళ్ళు గీతలయ్యాయి, బుగ్గలు నున్నగా బిగిశాయి. వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే గడ్డం పట్టుకుని చూసి, పెద్దమనిషి కాగానే కళ ఎట్లా దిగిందో చూడమని ఒకరికొకరు చూపించుకున్నారు. ఒళ్ళు చేసిందన్నారు. అవ్వ పోలికలు బయటపడ్డాయన్నారు. వాపుకూ బలుపుకూ తేడా తెలుసుకొమ్మన్న సామెత ఆ ఇంట్లో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. అయితే దాన్ని ఎప్పుడూ పక్కింటివాళ్ళ మీదే వాడారు.

వెండి పట్టీలు తొడగడానికి మాధవీలత కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. మోకాళ్ళ మీద, దోమకుట్లు గీరుకుంటే చీముపట్టి మానిన పొక్కుల మచ్చలు నల్లగా ఉన్నాయి. ఆ నెలలో ఆ బడి పిల్లలందరి కాళ్ళూ అట్లాగే ఉన్నాయి. పట్టీ చీలమండ దాటి ఎక్కలేదు. బొటనవేలితో చర్మాన్ని అదిమి, సందు చేసి, కొక్కెం కలపబోయింది. కలవలేదు. వేలు తీసింది. వేలున్న చోట గుంట పడి ఉంది. ఆమె ఆ గుంట పూడుతుందని చూస్తూ కూర్చుంది. పక్కన ఎవరో అక్షింతలకు పసుపు కలుపుతున్నారు, ఎవరో మండపానికి కుర్చీలు చాలవంటున్నారు. గుంట పూడలేదు.

“సైజు తక్కువ చెప్పినావా ఏంది?” అన్నాడు ముద్దుకృష్ణ పైనుంచి వంగి.

“సరిగ్గానే చెప్పినాను అన్నా. కాళ్ళే…”

“పుంగనూర్లో రెండు లంకెలు కలిపించుకుందాంలే. ఎట్లాగూ జాకెట్టు కొలతకి పోవాల కదా.”

వ్యానులో భవ్య రెండుసార్లు వాంతి చేసుకుంది. అందువల్ల కంసాలి కంటే ముందు, దర్జీ కంటే ముందు, పుంగనూరులో దారి పక్కన కనిపించిన ఒక క్లినిక్కులోకి తీసుకెళ్ళారు. డాక్టరు నడివయసు మనిషి. బయట బెంచీల నిండా జనం. నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు. మూత్రం ఎర్రగా వస్తోందని పిల్లే చెప్పింది, ఎవరూ అడగకుండా. అతడు కలం ఆపి తల్లి వైపు తిరిగాడు.

“పెద్దమనిషి అయిందామ్మా?”

మాధవీలత అన్న వైపు చూసింది. అతడు వాకిట్లో నిలబడి మండపం మేనేజరుతో కుర్చీల గురించి పోట్లాడుతున్నాడు. గోడ మీద చిన్న అద్దంలో కూతురి ముఖం, తన ముఖం పక్కపక్కన కనిపించాయి. కూతురి ముఖం తనకంటే పెద్దదిగా ఉంది.

“అయింది సార్. ఇప్పుడే. రేపే ఫంక్షను.”

డాక్టరు ముఖం విచ్చుకుంది. ఎరుపు అందువల్లనేననీ, ఈ స్థితిలో మూత్రపరీక్ష చేసినా అర్థం ఉండదనీ, బంధువుల తిండి పడక వాంతులనీ, శుభకార్యం అయ్యాక కావాలంటే తీసుకురమ్మనీ చెప్పి, గ్యాసుకు మాత్రలు రాశాడు. అతడి దోషం పెద్దగా లేదు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. సమాధానం ఇచ్చింది కన్నతల్లి. కన్నతల్లి సాక్ష్యాన్ని కొట్టివేసే న్యాయస్థానం ఈ దేశంలో లేదు. భవ్య మాత్రం వ్యాను ఎక్కేటప్పుడు తల్లి ముఖంలోకి ఒకసారి చూసింది. నువ్వు మగ్గు చూసినావు కదా అని అనలేదు. అని ఉంటే మాధవీలతకు కోప్పడే అవకాశమైనా దొరికేది.

పుంగనూరు కల్యాణమండపం వాకిట ఫ్లెక్సీ నిలబడింది. గంగాధరం గారు కుడివైపు నుంచి, ముద్దుకృష్ణ ఎడమవైపు నుంచి రాకపోకలు సాగించే లారీలను ఆశీర్వదిస్తున్నారు. లోపల తామరపువ్వు ఆకారపు సింహాసనం వేశారు. రేకుల అంచున రంగుదీపాలు వెలిగి ఆరుతున్నాయి. పైన డ్రోను కెమెరా తుమ్మెదలా తిరుగుతోంది. ఈ మహాపద్మంలో, అరవంకీలూ వడ్డాణమూ బిగించిన భవ్య, ఎక్కడో చూస్తూ కూర్చుంది. సారె పళ్ళేలు వీధి మలుపు దాకా నిలిచాయి. ఆడపడుచు వాటిని లెక్కపెడుతుండడం మాధవీలత కళ్ళారా చూసింది. ఏడాదిగా ఎదురుచూసిన ఆ దృశ్యం చాలా సుఖంగా ఉండవలసింది.

“అమ్మా, దీపాలు రెండు రెండుగా కనపడతాండాయి.”

“కొంచేపు ఓర్చుకో బంగారూ. మామ దండ వేసేదాకా.”

“తల పగిలిపోతాంది.”

వడ్డాణం సడలించబోయి, మాధవీలత ఫోటోగ్రాఫరు సైగకు పక్కకు తప్పుకుంది. ముద్దుకృష్ణ నిలువెత్తు గజమాల ఎత్తాడు. అదే సమయానికి భవ్య మెడ ఒక పక్కకు తిరిగి అట్లాగే నిలిచిపోయింది. పాపా ఈ పక్క సూడమ్మా అని ఫోటోగ్రాఫరు రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోతుండగా ఆమె చేయి కొట్టుకోవడం మొదలైంది. గాజులు తామరరేకుకు తగిలి వరసగా పగిలాయి. నోటి పక్కనుంచి నురుగు వచ్చింది. దిష్టి అని ఎవరో అన్నారు, తాళంచెవి చేతిలో పెట్టమని ఎవరో అన్నారు. సన్నాయి మేళం మాత్రం, ఆపమని ఎవరూ చెప్పకపోవడం వల్ల, మంగళవాద్యం వాయిస్తూనే ఉంది.

మదనపల్లె మిషన్ ఆసుపత్రి చేరేసరికి మూర్ఛ తగ్గి, పిల్ల మగతలో ఉంది. రెడ్డెప్ప దారంతా హారను మీదనుంచి చేయి తీయకుండా కారు నడిపాడు. తండ్రి ఒప్పుకున్నదో లేదో తెలుసుకోకుండా అతడు చేసిన మొదటి పని అది. నర్సు లిడియా పట్టుచీర మడతలు కత్తిరించి తీసేసి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. అంకె చూసి మళ్ళీ చూసింది. ఏమీ అనకుండా డాక్టర్ జెనిఫర్‌ను పిలిచింది. ఆ తరువాత అక్కడ మనుషులు నడవడం మానేసి పరుగెత్తడం మొదలుపెట్టారు.

సన్న గొట్టంలోంచి సీసాలోకి వచ్చిన మూత్రం నల్లగా, కొంచెంగా ఉంది. డాక్టర్ జెనిఫర్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది, మాధవీలత మగ్గును చూసినట్లే.

“ఎన్ని రోజులనుంచి ఇట్లా వస్తోంది?”

రెడ్డెప్ప మాధవీలత వైపు చూశాడు.

“బిడ్డ పెద్దమనిషి అయిందా? ఈ రక్తం దానిదా, మూత్రంలోదా? నాకు సరిగ్గా తెలియాలి. మందు దాన్ని బట్టే.”

మునిరత్నమ్మ ముందుకు వచ్చింది. ఆమె మెడలో ఇంకా వేడుక దండ ఉంది. “అయింది తల్లీ. ఫంక్షన్లోనించే వస్తాండాము కదా, చీర సూస్తాండావు కదా.”

డాక్టర్ తలూపి రాయబోయింది. వాకిట్లో గంగాధరం గారున్నారు, ఆయన పక్కన ఆడపడుచు, ఆమె వెనక సగం భోజనం మీదినుంచి లేచి వచ్చిన వంశమంతా ఉంది. సామ్రాజ్యాలు కూలేముందు రాజులు ప్రసంగాలు చేస్తారంటారు. మాధవీలతకు ప్రసంగాలు రావు.

“కాలేదు,” అంది.

గొంతు తనదో కాదోనన్నట్లు ఆగి, మళ్ళీ అంది. “కాలేదు డాక్టరమ్మా. ఒక్క పొద్దు గూడా గుడ్డ మీద కాలేదు. మూత్రంలోనే వస్తాంది. నేను సూసినాను. మొదటినించీ నాకు తెలుసు.”

అత్తగారు ఆమె వైపు తిరిగిన తీరు చూసి నర్సు లిడియా మధ్యకు వచ్చి నిలబడింది. డాక్టర్ మాత్రం ఆ మాటలోని చారిత్రక ప్రాముఖ్యాన్ని గుర్తించినట్లు లేదు. కాలేదు అని రాసుకుంది. ఒంటి మీద పుండ్లేమైనా లేచాయా అని అడిగింది. సమాధానం కోసం చూడకుండా దుప్పటి తొలగించి, మోకాళ్ళ మీది మచ్చలు చూసి, ఆ అని తనలో తనే అనుకుంది.

ఆ సాయంత్రం, పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగాక, డాక్టర్ తల్లిని పక్కకు పిలిచి చెప్పింది. మూత్రపిండాల్లో కంటికి కనిపించని జల్లెడలు లక్షలకొద్దీ ఉంటాయి. నెత్తురును అవే వడగడతాయి. పొక్కుల్లో చేరిన క్రిమితో ఒళ్ళు పోట్లాడింది, గెలిచింది. పోట్లాటలో మిగిలిన చెత్త కొట్టుకుపోయి ఆ జల్లెడల్లో ఇరుక్కుంది. ఇప్పుడు జల్లెడలే వాచిపోయాయి.

“జల్లెడ కన్ను పూడుకుపోతే పిండి దిగదు,” అంది మాధవీలత మెల్లగా. “బలంగా కొడితే కన్ను తెగి పొట్టు గూడా దిగేస్తాది.”

“రెండూ జరిగాయమ్మా. నీళ్ళూ ఉప్పూ బయటికి పోలేక లోపలే నిలిచాయి. అదే ముఖం వాపు, అదే బీపీ. బీపీ తలకెక్కి మూర్ఛ వచ్చింది. పోకూడని నెత్తురు మాత్రం పోతోంది.”

బయటికి పోవలసింది లోపల నిలవడం, లోపల ఉండవలసింది బయటికి పోవడం: మాధవీలతకు ఈ జబ్బు తెలియనిది కాదనిపించింది. బాగవుతుందా అని అడిగింది. ఈ వయసు పిల్లల్లో చాలామందికి పూర్తిగా తగ్గుతుందనీ, కానీ నెలల తరబడి మూత్రమూ బీపీ చూపించుకుంటూ ఉండాలనీ, ఇంకొక పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేననీ డాక్టర్ అంది. అన్నిటికంటే ముందు ఉప్పు పూర్తిగా మానేయాలంది. ఆ మాట వినగానే మునిరత్నమ్మ బెంచీ మీదినుంచి లేచి, చప్పిడి పెట్టమని తను మొదటినుంచీ మొత్తుకోలేదా అని ముద్దుకృష్ణను నిలదీసింది. జీవితంలో మొదటిసారి విజ్ఞానశాస్త్రం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఆమె దాన్ని వార్డు వార్డుకూ వినిపించింది.

గంగాధరం గారి ఆందోళన వేరు. ఆయన వరండాలో కొడుకునూ, ముద్దుకృష్ణనూ, కోడలినీ నిలబెట్టి మెల్లగా, పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు.

“కాలేదంట. ఇప్పుడు ఊర్లో ఏమని చెప్పుకోవాల? తినిపోయినోళ్ళని పిలిచి కక్కమని చెప్పాల్నా?”

తీర్పూ ఆయనే చెప్పాడు.

“అయిందంటే అయిందంతే. ఫంక్షన్లో దిష్టి తగిలి జొరమొచ్చింది. ఆస్పత్రిలో ఏమి రాసుకున్నా అది ఆస్పత్రి మాట.”

ముద్దుకృష్ణ గొంతు సవరించుకున్నాడు. “మళ్ళా నిజంగా అయినప్పుడో, మామా?”

“అప్పుడు నోరు మూసుకోని ఉండాల.” ఆయన కోడలి వైపు తిరిగాడు. “అది ఈమెకి బాగా చేతనవును కదా. అప్పుడు మూసుకునింది, ఈ పొద్దు తెరిసింది.”

ముద్దుకృష్ణ కుప్పం వెళ్ళిపోయాడు. పోతూ చెల్లెలితో, నాకు ముందే చెప్పి ఉంటే అని మొదలుపెట్టి, ముందే చెప్పి ఉంటే తను ఏం చేసేవాడో తనకే తెలియనందువల్ల, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు. అత్తగారు రెండోరోజు నుంచి రావడం మానేసింది. రెడ్డెప్ప పొద్దునా సాయంత్రమూ వచ్చి, ఉప్పులేని అన్నం క్యారియరు పెట్టి, కూతురి కాలు పట్టుకుని కాసేపు కూర్చుని పోయేవాడు. భార్యతో మాట్లాడలేదు. పోట్లాడనూ లేదు.

మాధవీలతకు లిడియా పని నేర్పింది. పిల్ల తాగిన నీళ్ళు గీతల జాడీలో కొలవాలి. పోసినది ఇంకో జాడీలో కొలవాలి. పొద్దున్నే తూకం. ఆమె ఆ పని పొరపాటు లేకుండా చేసింది. జాడీని కిటికీ వెలుతురుకు ఎత్తి, రంగు చూసి, నర్సుకు చూపించి, ఆ తరువాతే పారబోసేది. నల్లటి డికాషన్ రోజురోజుకూ పలచబడి, పాలు పోయని టీ అయింది, గోధుమగంజి అయింది. బుగ్గలు దిగాయి. కళ్ళు మళ్ళీ కళ్ళయ్యాయి. ఒక పొద్దున చీలమండ మీద బొటనవేలు నొక్కి తీసి చూస్తే, గుంట అప్పటికప్పుడే పూడిపోయింది. మాధవీలత నాలుగైదు చోట్ల నొక్కి చూసింది. చక్కిలిగింతలు పెడుతున్నావని భవ్య కాలు లాక్కుంది.

కాలేదన్న ఆ ఒక్క మాట గురించి ఆమె రాత్రింబగళ్ళు ఆలోచించింది. పుంగనూరు క్లినిక్కులో అయిందని చెప్పిన మాట బరువు ఆమెకు తెలుసు. దానికి క్షమాపణ లేదు. కానీ మదనపల్లెలో చెప్పిన మాట కూడా ఉంది కదా. వంశం యావత్తూ వాకిట నిలబడి ఉండగా చెప్పింది. పుట్టింటి గౌరవమూ మెట్టినింటి ముఖమూ పణంగా పెట్టి చెప్పింది. ఆ సత్యం ఆమె వంటి మనిషికి మాత్రమే దొరికే సత్యమనీ, ఎంతో లోతునుంచి ఎంతో వెల చెల్లించి తీసినదనీ, అసలు ఈ లోకంలో ఇంకెవరికైనా అది అంత తేలిగ్గా తెలిసే అవకాశమే లేదనీ ఆమె మెల్లమెల్లగా నమ్మసాగింది. ఆ నమ్మకం ఆమెకు రెండు పూటలా అన్నం మింగుడుపడేలా చేసింది.

డిశ్చార్జి అయ్యే రోజు మందుల చీటీ పట్టుకుని ఓపీ వరండాలో కూర్చుంటే, పక్కన బెంచీ మీద ఒకామె జరిగి చోటిచ్చింది. పేరు రేఖ, సదుంలో టైలరింగ్ చేస్తుంది. భవ్యను గుర్తుపట్టి నవ్వింది. వాళ్ళబ్బాయి గణేష్‌దీ అదే బడి, అదే తరగతి. వాడు ఆ చివర ఒంటికాలితో నేల గళ్ళు దూకుతున్నాడు. మూత్రం చూపించుకుపోవడానికి వచ్చామని చెప్పింది.

“వానికీ పొక్కులేనక్కా. మూత్రపిండాల్లో జల్లెడ వాచిందన్నారు. ఎర్రగా పోసినాడు, టీ డికాషన్ మాదిరి.”

మాధవీలత చేతిలోని చీటీని మడిచింది.

“ఎప్పుడు?”

“మీ బిడ్డ పెద్దమనిషి అయిందని బళ్ళో చెప్పుకున్నారే, ఆ వారమే. మూడు దినాలుంచుకోని పంపించేసినారు. మూర్ఛలూ పాడూ ఏమీ రాలేదు, దేవుని దయ.”

“మీకు ఎట్ల తెలిసింది?”

ఆ ప్రశ్న రేఖకు అర్థం కాలేదు. ఒక నిమిషం భవ్యను, ఒక నిమిషం తల్లిని చూసింది.

“తెలిసేదేముందక్కా? మగపిల్లోడు ఎర్రగా పోస్తే ఇంకేమనుకుంటాము? ఆ పొద్దే ఆటోలో ఎత్తుకొచ్చేసినాము.”